మందుల కంపెనీలో వాటా: మన ఇంటికి ఎంత మోతాదు?

ఎమ్మిగనూరు నుండి ఒక విశ్రాంత ఉపాధ్యాయులు తమ భార్య మోకాళ్ళ నొప్పుల వైద్యం కోసం ఆదోనిలోని మా వైద్యశాలకు మూడేళ్ళుగా వస్తున్నారు. గత నెల వచ్చినప్పుడు ఆమెకు తైలం, కషాయం, పథ్యం చెప్పి ముగించాను. ఆమె లేచారు కాని ఆయన లేవలేదు. జేబులో నుండి మడిచిన కాగితం ఒకటి తీసి నా ముందు పరిచారు. దానిపై అయిదు మందుల కంపెనీల పేర్లు, ఒక్కొక్క పేరు ఎదుట కొంత సొమ్ము వ్రాసి ఉన్నది. మొత్తం కూడితే పన్నెండు లక్షలు.

“డాక్టరుగారూ, హైదరాబాదులో ఉన్న మా అబ్బాయి పంపించినాడు. నా రిటైర్మెంటు డబ్బంతా పెద్ద పెద్ద మందుల కంపెనీల షేర్లలో పెట్టమంటున్నాడు. మీరు మందుల సంగతి తెలిసినవారు. ఏమంటారు?”

మందుల గుణం తెలిసినవానికి మందుల కంపెనీ గుణం కూడ తెలియవలెనని నియమం లేదు. నాడి చూచేవాణ్ణి పట్టుకొని బజారు నాడి చూడమన్నట్లున్నది ఈ ప్రశ్న. అయినా దానిని తోసివేయలేకపోయాను. 2020 తరువాత ఇదే ప్రశ్న నన్ను అడిగినవారు పదిమందికి తక్కువ ఉండరు. అడిగినవారందరూ మనవంటి మధ్యతరగతి గృహస్థులే. ఈ పత్రిక చదివే ఇళ్ళలోనూ ఈ చర్చ జరుగుతూనే ఉంటుందని నా నమ్మకం. కనుక ఆనాడు అయ్యవారితో చెప్పినదానిని, చెప్పక మరచినదానిని కలిపి ఇక్కడ వ్రాస్తున్నాను.

కుమారుని వాదం ఇది. మనుషులున్నంతకాలం రోగాలుంటాయి. రోగాలున్నంతకాలం మందులు అమ్ముడవుతాయి. బంగారం కొనడం మానవచ్చు, కారు కొనడం వాయిదా వేయవచ్చు, రక్తపోటు మాత్ర మానలేము. నెలనెలా మందుల అంగడికి మనం డబ్బు కడుతూనే ఉన్నాము. ఆ కంపెనీలోనే వాటాదారులమైతే మన డబ్బులో కొంత మనకే తిరిగి వస్తుంది గదా! వినడానికి చక్కగా ఉన్నది. చదువుకొన్న పిల్లవాడు చెప్పినప్పుడు మరింత చక్కగా ఉంటుంది.

కాని ఈ ప్రాంతంలో పుట్టి పెరిగినవారికి ఈ మాట వినగానే పత్తి జ్ఞాపకం రావాలి. బట్ట కట్టని మనిషి లేడు. కరవు వచ్చినా, యుద్ధం వచ్చినా బట్ట కావలసిందే. ఆ లెక్కన పత్తిని, నూలును, వస్త్రాన్ని నమ్ముకొన్నవారు ఎన్నడూ నష్టపోకూడదు. ఆదోనిని రెండవ బొంబాయి అని పిలిచిన రోజులు మన పెద్దలు చూచారు. పత్తి మిల్లులు, నూనె మిల్లులు పొద్దూ రాత్రీ నడిచిన ఊరిది. మరి వాటిలో ఎన్ని తలుపులు మూసుకొన్నవో మనకు తెలియనిది కాదు. జనం నూనె తినడం మానినందువల్ల నూనె మిల్లులు మూతపడలేదు. విదేశాల నుండి చవుకగా పామాయిలు వచ్చి పడింది. పత్తికి గిరాకీ పోలేదు, కాని దాని ధర ఆదోని యార్డు చేతిలో లేదు. ఎమ్మిగనూరులో 1938లో మాచాని సోమప్పగారు చేనేత సహకార సంఘం స్థాపించినప్పుడు నేతగాడే అందులో వాటాదారు. ఆ సేవకు 1954లో ఆయనకు పద్మశ్రీ బిరుదు కూడ లభించింది. ఆ సంఘం వెలిగిన రోజులు, తరువాత మగ్గాలు ఒక్కొక్కటిగా ఆగిన రోజులు, రెండూ ఎమ్మిగనూరు వీధులు చూచాయి. బట్టకు గిరాకీ మాత్రం ఈ మధ్యకాలంలో ఒక్కరోజు కూడ తగ్గలేదు.

ఈ మాట చెప్పగానే అయ్యవారి భార్య తిరిగి కూర్చొన్నారు. ఆమె పుట్టిల్లు నేతవారిది. “మా నాయన మగ్గం అమ్మినప్పుడు ఊళ్ళో అందరూ కొత్త బట్టలే కట్టినారు డాక్టరుగారూ” అన్నారు.

జనానికి ఒక వస్తువు అవసరం కావడం వేరు, దానిని తయారుచేసే సంస్థకు లాభం రావడం వేరు, ఆ లాభం మనం కొన్న ధరకు తగినట్లుండడం ఇంకా వేరు. మందుల కంపెనీల విషయంలో ఈ మూడింటి నడుమ ఉన్న దూరం పత్తికన్నా ఎక్కువ. ఎందుకో చెప్పాలంటే మన తెలుగునాట ఈ పరిశ్రమ ఎలా పెరిగిందో కొంచెం చెప్పుకోవాలి.

1961లో కేంద్ర ప్రభుత్వం సోవియట్ సహాయంతో ఐ.డి.పి.ఎల్. సంస్థను నెలకొల్పింది. దాని కర్మాగారాలలో ఒకటి హైదరాబాదు బాలానగరులో వెలిసింది. అక్కడ పని నేర్చిన రసాయన శాస్త్రజ్ఞులు ఎందరో తరువాత సొంత సంస్థలు పెట్టారు. 1984లో డాక్టర్ రెడ్డీస్ స్థాపించిన కల్లం అంజిరెడ్డిగారు వారిలో ఒకరు. 1981లో నాట్కో, 1986లో అరబిందో, 1990లో దివీస్ ఇలా వరుసగా వచ్చాయి. వీటన్నిటికీ ఊపిరిపోసినది 1970 నాటి పేటెంట్ చట్టం. 1972లో అమలులోకి వచ్చిన ఆ చట్టం ప్రకారం మందుకు పేటెంటు లేదు, దానిని తయారుచేసే పద్ధతికి మాత్రమే ఉన్నది. పద్ధతి మారిస్తే అదే మందును మనవారూ చేయవచ్చు. అందువల్లనే మన మందులు చవుక అయ్యాయి, మన కంపెనీలు పెద్దవయ్యాయి. 2005 జనవరి 1 నుండి మందుకే పేటెంటు ఇచ్చే పద్ధతి తిరిగి వచ్చింది. ఒక్క చట్టం పరిశ్రమను నిలబెట్టగలదు, మరొక్క చట్టం దాని దారి మళ్ళించగలదు అనడానికి ఇంతకన్న ఉదాహరణ అక్కరలేదు.

ఇంతమందికి గురుకులమైన ఐ.డి.పి.ఎల్. ఏమైనదంటారా? 1992లో అది రోగగ్రస్త పరిశ్రమగా ప్రకటింపబడింది. మందులు చేసే సంస్థకు ఆ పేరు రావడం విధి వైపరీత్యమే.

ఇక లాభం ఎక్కడినుండి వస్తున్నదో చూడండి. మన ఇంట వాడే మాత్రల వల్లనే హైదరాబాదు కంపెనీలు ధనవంతులైనవని చాలామంది అనుకొంటారు. 2024–25లో డాక్టర్ రెడ్డీస్ ఆదాయంలో నూటికి 40 పాళ్ళకు పైగా ఉత్తర అమెరికాలో జెనరిక్ మందుల అమ్మకం వల్ల వచ్చింది. భారతదేశం నుండి వచ్చినది అయిదవ వంతు కూడ కాదు. అరబిందోకూ అమెరికాయే పెద్ద బజారు. కనుక ఎమ్మిగనూరులో అయ్యవారు తమ భార్య రక్తపోటు మాత్రకు చెల్లించే సొమ్ముకు, ఆయన కొనదలచిన షేరు లాభానికి ఉన్న సంబంధం చాలా సన్నని దారం. పైగా ఇక్కడ ముఖ్యమైన మందుల ధరలకు 2013 నాటి ధరల నియంత్రణ ఉత్తర్వు హద్దు గీస్తున్నది. జన ఔషధి అంగళ్ళలో అదే మందు బ్రాండు ధరలో సగానికన్న తక్కువకు దొరుకుతున్నది. రోగిగా మనకు మేలు చేసే ప్రతి ఏర్పాటూ వాటాదారుగా మనకు మేలు చేయదు.

దీనికి అతి స్పష్టమైన ఉదాహరణ నాట్కో కథ. కాలేయ, మూత్రపిండ క్యాన్సర్లకు వాడే సొరాఫెనిబ్ అనే మందుకు విదేశీ కంపెనీ నెలకు సుమారు 2 లక్షల 80 వేల రూపాయలు తీసుకొనేది. 2012 మార్చిలో మన పేటెంట్ల అధికారి నాట్కోకు తప్పనిసరి లైసెన్సు ఇచ్చారు. దేశంలో అటువంటి లైసెన్సు అదే మొదటిది. ధర నెలకు 8,800 రూపాయల దాపునకు దిగింది. ఎన్ని కుటుంబాలు నిట్టూర్చి ఊపిరి పీల్చుకొన్నాయో! ఒక కంపెనీ వాటాదారులకు అది పండుగ, మరొక కంపెనీ వాటాదారులకు అది దెబ్బ. వారూ వీరూ అనుకొన్నది ఒక్కటే, రోగాలుంటాయి గనుక మందులు అమ్ముడవుతాయని.

అమెరికా బజారులో మన కంపెనీల సంపాదన ఎలా నడుస్తుందో ఇంకొంచెం వివరంగా చెప్పవలసి ఉన్నది, ఎందుకంటే షేర్లు పెరగడంలోనూ పడడంలోనూ కీలకం అక్కడే ఉన్నది. అక్కడ ఒక మందు పేటెంటును మొదట సవాలు చేసి గెలిచిన జెనరిక్ కంపెనీకి 180 రోజులు ప్రత్యేక హక్కు లభిస్తుంది. ఆ ఆరు నెలలు వెన్నెల రాత్రులు. 2001 ఆగస్టులో డాక్టర్ రెడ్డీస్ ఫ్లుయాక్సెటిన్ 40 మిల్లీగ్రాముల మందును అలాగే విడుదల చేసి మంచి లాభం గడించింది. గడువు తీరగానే పదిమంది పోటీదారులు వస్తారు, ధర జారిపోతుంది. మళ్ళీ కొత్త మందు వెతకాలి. ఇటీవలి ఉదాహరణ లెనలిడోమైడ్. రక్త క్యాన్సర్ మందు. 2022 నుండి ఒప్పందం ప్రకారం పరిమిత పరిమాణంలో దానిని అమెరికాలో అమ్మడం వల్ల నాట్కో, డాక్టర్ రెడ్డీస్ రెండూ బాగా లాభపడ్డాయి. ఆ పరిమితులకు 2026 జనవరి ఆఖరు దాకానే గడువు అని అందరికీ ముందే తెలుసు. అయినా 2025 ఫిబ్రవరిలో నాట్కో త్రైమాసిక లాభం తగ్గిందన్న వార్త రాగానే ఆ షేరు ఒక్కరోజులో దాదాపు అయిదవ వంతు విలువ కోల్పోయింది. తెలిసిన గడువుకే ఇంత ఉలికిపాటు అయితే తెలియని వార్తకు ఎంత ఉండాలి?

తెలియని వార్త సాధారణంగా ఉత్తరం రూపంలో వస్తుంది. అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థవారు ఇక్కడి కర్మాగారాలను తనిఖీ చేస్తారు. శుభ్రత, పరీక్షల రికార్డులు, మందు నాణ్యత అన్నీ చూస్తారు. లోపముంటే హెచ్చరిక లేఖ వ్రాస్తారు, లేదా దిగుమతి ఆపుతారు. 2015 నవంబరులో డాక్టర్ రెడ్డీస్‌కు శ్రీకాకుళం, మిర్యాలగూడ, విశాఖ దువ్వాడ కర్మాగారాల విషయంలో అటువంటి లేఖ వచ్చింది. ఆనాడు ఆ షేరు సుమారు 15 శాతం పడింది. 2017 మార్చిలో దివీస్ విశాఖ కర్మాగారంపై దిగుమతి నిషేధం వచ్చినప్పుడు ఒక్కరోజులో దాదాపు 20 శాతం. ఆ నిషేధం అదే ఏడాది తొలగింది, కంపెనీ మళ్ళీ నిలదొక్కుకొన్నది, ఓపిక పట్టినవారు నష్టపోలేదు. రాన్‌బాక్సీ కథ వేరు. 2013 మేలో అది కల్తీ మందులు, తప్పుడు రికార్డుల కేసులో అమెరికా న్యాయస్థానం ఎదుట నేరం ఒప్పుకొని 50 కోట్ల డాలర్లు చెల్లించింది. 2015లో సన్ ఫార్మాలో కలిసిపోయింది. దేశంలో ఒకనాడు అన్నిటికన్న పెద్ద మందుల కంపెనీ అది. పెద్దది గనుక భద్రం అనుకొనేవారు ఆ పేరును గుర్తుంచుకోవాలి.

విదేశాలలోని పెద్ద కంపెనీలు మాత్రం దీనికి అతీతమా? 2004 సెప్టెంబరు 30న మెర్క్ అనే అమెరికన్ సంస్థ వయాక్స్ అనే మందును ఉపసంహరించుకొన్నది. అది కీళ్ళ నొప్పులకు లక్షలమంది వాడిన మందు. దీర్ఘకాలం వాడినవారిలో గుండెపోటు, పక్షవాతం ముప్పు పెరుగుతున్నట్లు తేలింది. ఆనాడు ఆ షేరు విలువలో నాలుగవ వంతుకు పైగా ఒక్కపూటలో కరిగిపోయింది. మోకాళ్ళ నొప్పులకు మందు ఎప్పుడూ అమ్ముడవుతుందన్న మాట నిజమే. ఏ మందు అన్నదే ప్రశ్న.

ఇన్ని చెప్పిన తరువాత అయ్యవారు నిదానంగా ఒక మాటన్నారు. “అయితే సార్, ఈ కంపెనీల షేర్లు కొని లక్షాధికారులైనవారు కూడ ఉన్నారు గదా?”

ఉన్నారు. దాచవలసిన పని లేదు. 1994లో ప్రజలకు షేర్లు అమ్మిన సన్ ఫార్మాను ముప్పై ఏళ్ళు వదలకుండా పట్టుకొన్నవారు, 2003లో దివీస్‌ను కొని కదలకుండా కూర్చొన్నవారు ధనవంతులయ్యారు. కాని వారు ఎంతెంత దూరం ఎండలో నడిచారో కూడ చూడాలి. సన్ ఫార్మా షేరు 2015 ఏప్రిల్‌లో 1,200 రూపాయలు తాకింది. 2020 మార్చిలో 350కి దిగువన ఉన్నది. అయిదేళ్ళు! ఆ కంపెనీ ఆ అయిదేళ్ళూ మందులు అమ్ముతూనే ఉన్నది, జనం మింగుతూనే ఉన్నారు. ఆ తరువాత 2024లో ఆ షేరు 1,800 దాటింది. 2015లో కొన్న యువకుడు ఇప్పుడు నవ్వుకొంటాడు. 2015లో కొని 2019లో కూతురి పెళ్ళికి అమ్మినవాడు నవ్వలేడు. అరవై రెండేళ్ళ వయస్సులో ఉద్యోగం విరమించినవారు ఈ ఇద్దరిలో ఎవరికి దగ్గరో చెప్పడానికి జోస్యం అక్కరలేదు. కోవిడ్ ఏడాది 2020లో మందుల కంపెనీల సూచీ సుమారు 60 శాతం పెరిగింది. ఆ పెరుగుదల చూచి ఆఖరున పరుగెత్తినవారికి 2022లో అది తగ్గి చూపించింది.

నిలిచిన కంపెనీల పేర్లు మనకు తెలుసు, పోయినవాటి పేర్లు ఎవరికీ గుర్తుండవు. నా బీరువాలో ఒక షేరు సర్టిఫికెట్టు ఉన్నది. 1995లో ఒక మందుల కంపెనీ పబ్లిక్ ఇష్యూకు వస్తే ఆదోని బ్యాంకులో దరఖాస్తు నింపి అయిదు వేల రూపాయలు కట్టాను. ఆ కాలంలో నాకు అది రెండు నెలల సంపాదన. ఆ కంపెనీవారు పచ్చని అక్షరాలతో అందమైన పుస్తకం పంపారు, మొదటి ఏడాది సమావేశానికి ఆహ్వానం కూడ వచ్చింది. ఆ తరువాత వ్రాసిన ఉత్తరాలు చిరునామాదారు లేరని తిరిగివచ్చాయి. ఆ సర్టిఫికెట్టును పారవేయలేదు. మా అమ్మగారు “మందు పొట్లం కట్టుకోవడానికైనా పనికివస్తుంది, ఉంచు” అన్నారు. కాగితం మందం, పొట్లానికి కూడ పనికి రాలేదు. ఆ రోజుల్లో ఇటువంటి కంపెనీలు ఎన్ని మాయమైనవో! మన తెలుగువాడి కంపెనీ, మనకు తెలిసిన కంపెనీ అన్న ధీమా కూడ చాలదని 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ షేరు ఒక్కరోజులో మూడు వంతులకు పైగా పడినప్పుడు మరొకమారు తెలిసింది.

ఇక్కడ ఈ పత్రిక పాఠకులు ఒక ప్రశ్న వేస్తారు. అల్లోపతి కంపెనీలు ఎందుకు, మన ఆయుర్వేద కంపెనీల షేర్లు కొనరాదా? ఇది నాకు దగ్గరి విషయం గనుక మొహమాటం లేకుండా చెబుతాను. కరక్కాయ గుణం మీద నాకున్న నమ్మకానికి, కరక్కాయ చూర్ణం అమ్మే కంపెనీ షేరు ధర న్యాయమైనదా కాదా అన్నదానికి సంబంధం లేదు. 1884లో కలకత్తాలో మొదలైన డాబర్ ఈనాడు తల నూనె, దంతధావనం, పండ్లరసాలు అమ్మే పెద్ద సంస్థ. దానిని ఆ లెక్కనే చూడాలి. హిమాలయ, బైద్యనాథ్ వంటి పాత పేర్లు షేర్ మార్కెట్‌లోనే లేవు. ఇక పతంజలి. పతంజలి ఆయుర్వేద్ షేర్లు బజారులో దొరకవు. దొరికేది పతంజలి ఫుడ్స్. పూర్వం దాని పేరు రుచి సోయా, ప్రధాన వ్యాపారం వంటనూనె. దివాలా తీసిన ఆ కంపెనీని పతంజలివారు 2019 డిసెంబరులో తీసుకొన్నారు. 2020 జనవరిలో షేరు తిరిగి బజారుకు వచ్చినప్పుడు ధర 17 రూపాయల దాపు. జూన్ ఆఖరుకు 1,500 దాటింది. ఏ చూర్ణమూ అంత వేగంగా పనిచేయదు! కారణం ఏమంటే, ప్రజల చేతిలో ఉన్న వాటాలు సుమారు ఒక్క శాతమే. సరకు లేని సంతలో ఎవరు ఎంత పలికితే అదే ధర. 2022 మార్చిలో అదే కంపెనీ కొత్తగా షేర్లు అమ్మినప్పుడు పెట్టిన ధర 650 రూపాయలు. మూలికల మీద భక్తితో 1,500కు కొన్నవారు మనలో కొందరుంటారు. 2024లో పతంజలి ఆయుర్వేద్ ప్రకటనల విషయంలో సుప్రీంకోర్టు తీవ్రంగా మందలించింది, ఆ సంస్థ బహిరంగంగా క్షమాపణ చెప్పవలసి వచ్చింది. రోగాలు నయమవుతాయని అతిగా చెప్పే అలవాటు మన వైద్యానికే చేటు తెస్తుంది. వాటాదారుకు తెచ్చే చేటు ఆ తరువాతిది.

అల్లోపతి కంపెనీలో వాటా కొంటే ఆయుర్వేదానికి ద్రోహమా అని కూడ కొందరు సంశయిస్తారు. నాకు ఆ సంశయం లేదు. నా దగ్గరకు వచ్చిన రోగికి ఇన్సులిన్ అవసరమనిపిస్తే, ఛాతీ నొప్పి గుండెదనిపిస్తే నేనే కర్నూలు పెద్దాసుపత్రికి పంపుతాను. మన పొలాల ఆముదానికీ ఆధునిక ఔషధానికీ చుట్టరికం ఉన్నదని ఎందరికి తెలుసు? క్యాన్సర్‌కు వాడే పాక్లిటాక్సెల్ నీటిలో కరగదు. దానిని సిరలోకి ఎక్కించడానికి ఆముదం నుండి తయారైన పదార్థంలో కరిగిస్తారు. ఆదోని యార్డులో ఆముదాలు తూకం వేయించే రైతుకు ఆ మందు ధరలో ఎంత దక్కుతుందన్నది వేరే వ్యాసం.

నాకున్న సంశయం మరొకటి. వాటాదారు అంటే యజమానిలో ఒక అంశ. హైదరాబాదు శివారులోని పటాన్‌చెరులో మందుల కర్మాగారాల వ్యర్థజలాలు శుద్ధిచేసే కేంద్రం నుండి బయటికి వచ్చే నీటిని స్వీడన్ శాస్త్రజ్ఞులు పరీక్షించి 2007లో ఫలితాలు ప్రకటించారు. సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు కనబడింది. సూక్ష్మజీవులు మందుకు లొంగకుండా తయారయ్యేది ఇటువంటి నీటిలోనే. 2025 జూన్ 30న పాశమైలారంలో సిగాచి కర్మాగారంలో జరిగిన పేలుడులో 40 మందికి పైగా కార్మికులు మరణించారు. అది మాత్రలకు ఆధారంగా కలిపే సెల్యులోజ్ పొడిని చేసే, షేర్ మార్కెట్‌లో నమోదైన సంస్థ. ఆనాడు ఆ షేరు పడింది. టీవీ తెర కింద ఆ పడిన ధర పరుగులు తీస్తుండగా పైన మృతుల బంధువులు ఏడుస్తున్నారు. మన ప్రాంతం నుండి సుగ్గికి పోయే కుటుంబాలను చూచిన మనకు, పరాయి ఊరిలో కూలికి పోయి తిరిగిరాని మనిషి అంటే ఏమిటో తెలుసు. లాభం పంచుకొనే కంపెనీ తన వ్యర్థాన్ని ఎక్కడ వదులుతున్నదో, కార్మికుని ఎలా చూస్తున్నదో అడగని వాటాదారు సగం వాటాదారే. ఆ సమాచారం పెద్ద కంపెనీల వార్షిక నివేదికలో ఉంటుంది. చదివేవారే ఉండరు.

మరి కొనాలా వద్దా? చరక సంహిత సూత్రస్థానంలో ‘మాత్రాశితీయం’ అనే అధ్యాయం ఉన్నది. ఆహారపు మాత్ర తినేవాని అగ్నిబలాన్ని బట్టి ఉండాలన్నది అందులోని మాట. మేలైన పదార్థమైనా అరిగించుకోలేనివానికి మేలు కాదు. షేర్లకూ నేను ఆ మాటనే వర్తింపజేస్తాను. ఇంటి అగ్నిబలం అంటే ఏమిటి? చేతిలో ఉన్న సొమ్ములో ఎంత పది సంవత్సరాలు తాకకుండా ఉండగలం, సగానికి పడినా నిద్రపోగలమా, ఇంట్లో రాబోయే ఖర్చు ఏమిటి, అంతే. ముప్పై ఏళ్ళ కుమారునికి అరిగే మోతాదు అరవై రెండేళ్ళ తండ్రికి అరగదు. అబ్బాయి తన జీతంతో తనకు తోచిన షేర్లు కొనుక్కోవచ్చు. తప్పుచేసినా దిద్దుకొనే కాలం అతనికి ఉన్నది.

అయ్యవారికి పింఛను ఉన్నది. ఉద్యోగుల ఆరోగ్య పథకం కార్డు ఉన్నది. అయినా భార్యకు మోకాలి శస్త్రచికిత్స చేయవలసి రావచ్చునని ఎముకల డాక్టరు చెప్పి ఉన్నాడు. నేనూ కాదనలేదు. తైలంతో నొప్పి తగ్గించగలను, అరిగిన కీలును మొలిపించలేను. పన్నెండు లక్షలలో 20 శాతం పోతే 2 లక్షల 40 వేలు. ఆ పోవడం సరిగా ఆపరేషన్ నెలలో జరిగితే?

నేను సూచించినది ఇది. మూడు లక్షలు బ్యాంకులో, అడిగిన రోజు చేతికి వచ్చేట్లు. ఆరు లక్షలు పోస్టాఫీసు వృద్ధుల పొదుపు పథకంలో. అరవై నిండినవారు 2023 నుండి 30 లక్షల వరకు అందులో పెట్టవచ్చు. 2025లో ఉన్న 8.2 శాతం వడ్డీ లెక్కన ఆరు లక్షలకు మూడు నెలలకొకసారి 12,300 రూపాయలు వస్తుంది. అంటే మందుల అంగడి బిల్లుకు ఏ కంపెనీ దయా అక్కరలేదు. మిగిలిన మూడు లక్షలు మార్కెట్‌లో పెట్టదలిస్తే ఒక్కసారిగా కాక రెండేళ్ళపాటు నెలనెలా కొంచెం కొంచెంగా, నిఫ్టీ సూచీని అనుసరించే సాధారణ ఇండెక్స్ ఫండులో పెట్టవచ్చు. 2025లో ఆ యాభై కంపెనీల జాబితాలోనే సన్ ఫార్మా, సిప్లా, డాక్టర్ రెడ్డీస్ ఉన్నాయి. మందుల కంపెనీలు కావాలన్న కోరిక ఆ మేరకు తీరుతుంది. కేవలం మందుల కంపెనీలలోనే పెట్టే ఫండులూ ఉన్నాయి గాని, అమెరికా నుండి ఒక సుంకం వార్త వస్తే వాటిలోని కంపెనీలన్నీ ఒక్కసారే తుమ్ముతాయి. 2025 సెప్టెంబరులో బ్రాండు మందులపై నూరు శాతం సుంకం అని అక్కడి అధ్యక్షుడు ప్రకటించిన మరునాడు మన జెనరిక్ కంపెనీల షేర్లూ తగ్గాయి. పన్ను సంగతి కూడ చూచుకోవాలి. 2024 జూలై 23 నుండి, ఏడాది దాటి ఉంచుకొన్న షేర్లపై ఏటా లక్షా పాతిక వేలు మించిన లాభానికి 12.5 శాతం, ఏడాదిలోపు అమ్మితే లాభంపై 20 శాతం.

అయ్యవారి ముఖంలో కొంత నిరాశ కనబడింది. హైదరాబాదు నుండి వచ్చిన కాగితంలోని అయిదు పేర్లలో ఒక్కటీ నేను ఉంచలేదు. చివరకు, ఒక కంపెనీ షేర్లు పాతిక వేలకు మించకుండా కొనుక్కోమన్నాను. అదీ ఆ కంపెనీ గత మూడేళ్ళ వార్షిక నివేదికలు చదివిన తరువాతనే. ఆదాయం ఏ దేశం నుండి ఎంత, ఒక్క మందు మీద ఎంత ఆధారపడి ఉన్నది, అప్పు ఎంత, తనిఖీలలో ఏమి తేలింది, ఈ నాలుగూ నోటు పుస్తకంలో వ్రాసుకొమ్మన్నాను. నలభై ఏళ్ళు పిల్లల జవాబు పత్రాలు దిద్దినవారికి అది కష్టం కాదు.

పది రోజుల తరువాత మళ్ళీ వచ్చారు. ఒక కంపెనీ నివేదిక ముద్రణ తీయించి తెచ్చారు. మూడు వందల పేజీలకు పైనే ఉన్నది. ఎర్ర సిరాతో అక్కడక్కడ గీతలు. “సార్, ఇందులో ‘కంటింజెంట్ లయబిలిటీస్’ అని చిన్న అక్షరాలలో వేసినారు. అంటే కోర్టు కేసులు ఓడితే కట్టవలసిన డబ్బే గదా? దీనిని వెనకపేజీలో ఎందుకు దాచినారు?” అని అడిగారు. అబ్బాయి ఈ సంగతి చెప్పలేదా అన్నాను. వాడు ఈ పేజీ దాకా రాలేదట.

ఆయన భార్య ఈలోగా లోపలికి వచ్చి, తైలం అయిపోయిందని, చలికాలం కనుక ఈసారి రెండు సీసాలు కావాలని అన్నారు.